చలనచిత్రములు - పాఠరక్షణము

వ్యాకరణప్రయోజనములను లెక్కించుచుఁ బతంజలి మహర్షి రక్షను మొదటఁ బేర్కొనెను. వేదమును రక్షించుట యనఁగా దాని వర్ణములు, స్వరములు చెడకుండ నిలుపుటయే గాని, పుస్తకమును బెట్టెలో నుంచి తాళము వేయుట గాదు. వస్తువు మిగిలియుఁ బాఠము చెడవచ్చును. ఈ వివేకము లేక, ఘనవిజయము నొందిన నేఁటి తెలుఁగు చలనచిత్రము లంతర్జాలమున సురక్షితముగా నున్నవని పలువురు తలఁచుచున్నారు. ఆ తలంపు విచారణీయము.

పూర్వచిత్రముల దుర్గతి యందఱెఱిఁగినదే. మచిలీపట్టణమునఁ బుట్టిన రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారుఁడు ప్రకాశ్‌గారును 1921లో వెలువరించిన ‘భీష్మప్రతిజ్ఞ’ నేఁడు లభింపదు. 1957 నాఁటి ‘మాయాబజార్’ బ్రతికినది. అందు నటించిన రామారావు, నాగేశ్వరరావులును, పాడి స్వరపఱచిన ఘంటసాలయుఁ గృష్ణా డెల్టా బిడ్డలే. 2010లో దానికి రంగులద్దిన ప్రతి వెలువడినప్పుడు మూలములోని కొన్ని పాటలు, పద్యములు విడువఁబడెను. ఆ ప్రతినే చూచిన బాలురు దానినే సమగ్రగ్రంథ మనుకొనినచో వారి దోషము గాదు. తాళపత్రమును బరిష్కరించు పండితుఁడు లోపించిన చోట ‘ఇట గ్రంథపాతము’ అని గుర్తు పెట్టును. చలనచిత్రమున కట్టి మర్యాద యింకను ఏర్పడలేదు.

క్రొత్త చిత్రముల పాఠస్థితి యింతకంటెఁ జిక్కైనది. రాజమౌళి ‘బాహుబలి’ 2015, 2017 సంవత్సరములందు రెండు భాగములుగా వచ్చెను. 2025 అక్టోబరు 31న కర్తయే రెంటిని గూర్చి ‘ది ఎపిక్’ అను పేర నొక్కటిగాఁ బ్రకటించెను. అందు శివుఁడు, అవంతికల ప్రణయకథ తగ్గింపఁబడెను. కొన్ని పాటలు తొలఁగెను. ప్రథమభాగమున శృంగారము వీరమున కంగముగా నొదుగక వేఱుగా నిలిచెను గావున, ఈ సంక్షేపము కథకు వేగము గూర్చినదనుట న్యాయమే. కాని యీ గుణదోషనిర్ణయము రెండు పాఠములును చెంత నున్నప్పుడే సాధ్యము. కర్త చేసిన సంస్కారమైనను పూర్వపాఠమును దుడిచివేయుట కధికార మీయదు. అదియునుగాక, ఈ చిత్రమునఁ గాలకేయులకై మదన్ కార్కి ‘కిలికి’ యను భాషను, పదములతోడను వ్యాకరణనియమములతోడను, కల్పించెను. ఉత్తరకాలమున నట్టి విషయమును బరిశీలింపఁగోరు శాబ్దికునకు ఏ పాఠము ప్రమాణము?

‘ఆర్‌ఆర్‌ఆర్’ విషయము మఱియు విచిత్రము. ఆ చిత్రము 2022 మార్చిలో విడుదలయ్యెను. మే నెలలో నెట్‌ఫ్లిక్స్ హిందీ ప్రతిని, జీ5 తెలుఁగు మొదలగు దక్షిణభాషల ప్రతులను బ్రకటించెను. విదేశీయులలోఁ బెక్కండ్రు హిందీ ప్రతినే చూచి, చిత్రము హిందీదే యనుకొనిరి. 2023లో నాస్కారు పురస్కార మందినది తెలుఁగు పాట. లోకము చూచినది హిందీ చిత్రము. అనువాదము మూలపుఁ బీఠమెక్కినది.

లక్షలాది యిండ్లలోఁ గనఁబడు వస్తువునకు నాశభయ మేల యని పూర్వపక్షము. కనఁబడుట వేఱు, ఉండుట వేఱు. అంతర్జాలప్రదర్శకుల కొప్పందపు గడువుండును. గడువు తీరిన వెనుకఁ జిత్రము తొలఁగవచ్చును. చందాదారుని చేతఁ బ్రతి నిలువదు. సినిమాహాలునకు వచ్చు డిజిటల్ ప్రతియు సంకేతబద్ధమై యుండును. దానిని దెఱచు తాళపుఁజెవి నియతదినములకే పనిచేయును. పూర్వము విజయవాడ గాంధీనగరపుఁ బంపిణీ కార్యాలయములనుండి రీలుపెట్టెలు గుడివాడకు, బందరునకుఁ బోవుచుండెడివి. ఏ మూలనో యొక పెట్టె మిగిలినచోఁ జిత్రము మిగులుచుండెను. ఇప్పు డా కాకతాళీయరక్షయు లేదు.

ఇఁక శాసనము. కాపీరైటు చట్టపు 52వ సెక్షనునకు 2012లోఁ జేసిన సవరణము ననుసరించి, లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయము పరిరక్షణార్థము కృతులను ఎలక్ట్రానిక్ రూపమున నిలువచేయవచ్చును; కాని డిజిటల్ కాని ప్రతి తనయొద్ద నుండవలెను. ఈ విశేషణముననే చిక్కున్నది. డిజిటల్ కెమెరాతోఁ దీసి, డిజిటల్ రూపముననే హాళ్లకుఁ బంపిన చిత్రమునకు అట్టి ప్రతి గ్రంథాలయమున కెట్లు లభించును? పాతకృతులకు మేలు చేయఁబోయి శాసనము పుట్టుకతోనే డిజిటలైన కృతిని మఱచినది. చలనచిత్రముపై హక్కు ప్రచురణమునకు మరుసటి యేఁడు మొదలు అఱువదేండ్లు నిలుచును. అనఁగా 2015 నాఁటి చిత్రమునకు 2075 అంతమువఱకు. అంతదనుకఁ బాఠము నిర్మాత దయాధీనము.

కావలసినవి మూడు. ప్రథమప్రదర్శనదినపు మూలభాషాపాఠము ప్రజాభాండాగారమునఁ జేరవలెను. తరువాతి ప్రతి పాఠమును దేదీ, నిడివి, పరిష్కర్త పేరు గల పుష్పికతో వేఱుగా నిలువవలెను. హక్కులు తీరుదనుకఁ బరిశోధకులు భాండాగారముననే చూడవలెను గాని బయటికిఁ బ్రతి పోరాదు. ఇందు నిర్మాతకు నష్టము లేదు.

ఈ యుద్యమమునకుఁ దగిన తావు విజయవాడయే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము సంఘరూపమును దాల్చినది యిచ్చటనే. 1935లోఁ బాతూరి నాగభూషణముగారు కృష్ణకాలువపైఁ బడవలో గ్రంథములను బల్లెలకుఁ బంపిరి. ఆ పడవ పుస్తకమును ఊరూరఁ ద్రిప్పినను, పుస్తకము మరలఁ దన బీరువాకుఁ జేరుచుండెను. నేఁటి చలనచిత్రము లోకమంతయుఁ దిరుగుచున్నది. దానికి మరలి చేరుటకు బీరువా లేదు.