పత్తి ఏరే వేలు

పత్తి చేను ఒక్కసారిగా విచ్చదు. కింది కొమ్మన కాయ పగిలే నాటికి పైకొమ్మన పచ్చిగానే ఉంటుంది. అందుకే తెలంగాణలోని భైంసా చుట్టుపక్కల నల్లరేగడి చేన్లలో మూడు, నాలుగు విడతలుగా పత్తి ఏరుతారు. నడుముకు ఒడి కట్టుకున్న కూలీ విచ్చిన కాయనే ఎంచుకుని, దూదిని ఒక్క గుంజుతో తీస్తుంది. ఎండాకు ముక్క అంటుకుంటే వేలే పసిగట్టి రాలుస్తుంది. దూదిలో మంచు తడి ఉందో లేదో కూడా వేలికే తెలుస్తుంది. తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు.

చేతిపనికి కన్నే గురువని ఒక పాత నమ్మకం. చూసి పట్టే రోబోల చరిత్ర కూడా ఆ నమ్మకంతోనే మొదలైంది.

అలాంటి రోబో ఒక వస్తువును అందుకోవాలంటే మూడు పనులు జరగాలి. కెమెరాలతో వస్తువు ఎక్కడుందో, ఎంత దూరమో తెలుసుకోవాలి. దాన్ని ఎక్కడ, ఏ కోణంలో పట్టాలో తేల్చుకోవాలి. చివరికి అక్కడికి చేరేలా చేతి కీళ్లను ఎంతెంత తిప్పాలో లెక్కకట్టాలి.

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో పనిచేశారు. ఆయన బృందం అక్కడ మనిషి మాట విని దిమ్మెలను ఎత్తిపెట్టే రోబో చేయిని చూపించింది. దిమ్మె ఆకారం ముందే తెలుసు, అంచులు తిన్నగా ఉంటాయి. కన్ను చెబితే చేయి చేయగలిగింది. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు ఆయనే తొలి డైరెక్టర్. 1994లో కంప్యూటర్ రంగపు ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

దిమ్మెకు సరిపోయిన పద్ధతి దూదికి సరిపోదు. దూదికి అంచు లేదు, ఏ రెండు కాయలూ ఒకేలా విచ్చవు. లెక్క రాసిపెట్టడానికి వీలులేని వస్తువులే లోకంలో ఎక్కువ.

వాటికి దారి చూపిన ప్రయోగాల్లో ఒకటి 2015లో కార్నెగీ మెలన్‌లోనే జరిగింది. బల్ల మీద రకరకాల సామాను పరిచి, 700 గంటలపాటు రోబో చేత 50,000 సార్లు పట్టు ప్రయత్నం చేయించారు. పట్టు దొరికిందా, జారిందా అన్నది మనిషి చెప్పలేదు. రోబో చేతికి తగిలిన ఒత్తిడే చెప్పింది. ఆ తీర్పులను బట్టి, ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్ అయిన న్యూరల్ నెట్‌వర్క్, ఒక చిత్రం చూపితే 18 కోణాల్లో ఏది పట్టు నిలుపుతుందో ఊహించడం నేర్చుకుంది. 2016లో గూగుల్ పరిశోధకులు 14 వరకు రోబో చేతులను పెట్టి 8 లక్షల ప్రయత్నాలు చేయించారు.

ఇక్కడ కన్ను గురువు కాలేదు. పట్టి, జారవిడిచి, మళ్లీ పట్టిన చేయే కంటికి ఏం చూడాలో నేర్పింది. ఆ పాత నమ్మకం తిరగబడక తప్పదు. భైంసా చేనులో కాయను చూడగానే గుర్తుపట్టే కన్ను కూడా ఏళ్ల తరబడి ఏరిన వేళ్లు తయారుచేసిందే. పత్తి ఏరడాన్ని నైపుణ్యం లేని పని అనడం సరికాదు.