నమూనా కారుకు ఎనామిల్ నిగనిగ

ప్లాస్టిక్ కిట్‌లోని భాగాలను అతికించి, రంగులు వేసి, అసలు కారును అచ్చుగుద్దినట్టు చిన్న పరిమాణంలో నిలబెట్టడం స్కేల్ మోడలింగ్‌లో పెద్ద శాఖ. ఇందులో 1/24, 1/25 కొలతలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. దాదాపు 4.3 మీటర్ల పొడవుండే అంబాసిడర్ కారు 1/24 కొలతలో 18 సెంటీమీటర్లు అవుతుంది. యుద్ధ ట్యాంకుల నమూనాలకు మెరుపు లేని రంగులు, బురద మరకలు, తుప్పు చారలు అందాన్నిస్తాయి. చిన్న లోపాలు ఆ మరకల్లో కలిసిపోతాయి. కారుకు ఆ వెసులుబాటు లేదు. దుమ్ము రేణువు, కుంచె చార, వేలిముద్ర ఏది పడినా నిగనిగలాడే బాడీ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మోడలింగ్‌లో కారు రంగు కష్టమైన పని అనిపించుకోవడానికి కారణం ఇదే. ఆ పనిని తరతరాల అభిరుచిపరులు నేర్చుకున్నది ఎనామిల్ రంగులతోనే.

ఎక్కడి నుంచి వచ్చింది

తొలినాటి కార్లకు గుర్రపు బగ్గీలకు వేసినట్టే వార్నిష్ రంగులను పొరలు పొరలుగా వేసేవారు. అవి ఆరడానికి వారాలు పట్టేది. 1914 నుంచి 1925 వరకు ఫోర్డ్ మోడల్ టీ ఒక్క నలుపు రంగులోనే వచ్చింది. 1920లలో త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ లక్కర్ కార్ల కర్మాగారాల్లోకి ప్రవేశించింది. ఆ తరువాత నూనె కలిసిన ఆల్కిడ్ రెజిన్ ఎనామిళ్లు వచ్చాయి. మోడలింగ్ దుకాణాల్లో దొరికే చిన్న డబ్బాల ఎనామిల్ ఈ ఆల్కిడ్ కుటుంబానిదే.

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫోర్డ్‌లో 1929లో మొదలైన టెస్టర్స్ సంస్థ చిన్న గాజు సీసాల ఎనామిళ్లతో ప్రసిద్ధి పొందింది. ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో 1919లో హంబర్ ఆయిల్ కంపెనీగా పుట్టిన హంబ్రోల్, 14 మిల్లీలీటర్ల రేకు డబ్బాలతో బ్రిటన్‌లో ఇంటింటికీ పరిచితమైంది. ఈ సంస్థను, కిట్ల తయారీకి పేరుపొందిన ఎయిర్‌ఫిక్స్‌ను 2006లో హార్న్‌బీ కొనుగోలు చేసింది. జపాన్‌లోని షిజువోకా కేంద్రంగా ఉన్న టమియా 10 మిల్లీలీటర్ల సీసాల్లో ఎనామిళ్లు అమ్ముతోంది. వాటిలో ఎక్స్ సంఖ్యలున్నవి మెరిసేవి, ఎక్స్ఎఫ్ సంఖ్యలున్నవి మెరుపు లేనివి. అమెరికన్ సంస్థ ఏఎంటీ 1958లో మొదలుపెట్టిన ‘త్రీ ఇన్ వన్’ కిట్లలో ఒకే కారును షోరూం రూపంలోనో, కస్టమ్ రూపంలోనో, పందెం కారుగానో తయారుచేసే వీలుండేది. రంగు ఎంపిక ఆ కిట్లతో అభిరుచిలో సగభాగం అయింది.

ఆరే తీరు

ఎనామిల్ పనితనమంతా అది ఆరే తీరులో ఉంది. మొదటి దశలో ద్రావకం ఆవిరైపోతుంది. కొన్ని గంటల్లో పూత చేతికి అంటదు. రెండో దశలో ఆల్కిడ్ రెజిన్‌లోని నూనె అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పొరగా మారతాయి. ఈ దశకు రోజులు పడుతుంది. చల్లదనం, తేమ, మందపు పూత ఈ గడువును ఇంకా పెంచుతాయి.

ఈ ఆలస్యమే ఎనామిల్ బలం. పూత చాలాసేపు తడిగా ఉండడంవల్ల కుంచె చారలు వాటంతటవే సర్దుకుని ఉపరితలం సమతలమవుతుంది. నీటితో పలుచబడే అక్రిలిక్ రంగు నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి కుంచెతో పెద్ద ఉపరితలం మీద ఇంత నునుపు తేవడం కష్టం. ఎనామిల్ బలహీనత కూడా ఆ ఆలస్యంలోనే ఉంది. తడిగా ఉన్నంతసేపూ దుమ్ము పట్టుకుంటుంది. సగం గట్టిపడిన పూత మీద రెండో పూత పడితే కొత్త ద్రావకం అడుగు పొరను ఉబ్బించి ముడతలు తెస్తుంది. అందువల్ల డబ్బా మీద తయారీదారు సూచించిన గడువును పాటించాలి. అనుమానం ఉంటే ఇంకో రోజు ఆగడం మేలు.

బాడీని సిద్ధం చేయడం

అచ్చులోంచి వచ్చిన భాగాల మీద సన్నటి జిడ్డు మిగిలి ఉండవచ్చు. గోరువెచ్చని సబ్బు నీటిలో కడిగి ఆరబెట్టిన తరువాతే పని మొదలుపెట్టాలి. అచ్చు రెండు భాగాలు కలిసేచోట ప్లాస్టిక్ మీద సన్నటి గీత ఏర్పడుతుంది. చక్రాల పైవంపుల మీద, కిటికీ స్తంభాల మీద దీన్ని వెతికి కత్తి మొనతో గీకి, 600 నుంచి 1000 నంబరు ఉప్పు కాగితంతో నీళ్లలో తడిపి రుద్దాలి. గుంటలుంటే మోడలింగ్ పుట్టీతో నింపాలి. తలుపులు, బానెట్, డిక్కీ అంచుల గాడులు లోతు తక్కువగా ఉంటే రంగు వాటిని పూడ్చేస్తుంది. ప్రైమర్ అనే అడుగు పూతకు ముందే సూదిలాంటి పనిముట్టుతో వాటిని లోతు చేసుకోవాలి.

ప్రైమర్ రంగును పట్టి ఉంచుతుంది, దాగిన లోపాలను బయటపెడుతుంది. బూడిదరంగు ప్రైమర్ సాధారణ వాడుకకు సరిపోతుంది. పసుపు, ఎరుపు పూతలు అడుగు రంగును పూర్తిగా కప్పలేవు కాబట్టి వాటికి తెల్ల ప్రైమర్ మంచిది. ఎర్ర ప్లాస్టిక్‌తో అచ్చుపోసిన బాడీకి లేత రంగు వేస్తే ప్లాస్టిక్‌లోని ఎరుపు పైకి ఊరి గులాబీ ఛాయ రావచ్చు. ముందుగా వెండి రంగు పూత వేసి దాన్ని అడ్డుకోవడం పాత కిటుకు.

పొర మందం ఎందుకు ముఖ్యమో చిన్న లెక్క చెబుతుంది. అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపినా మందం సుమారు 0.1 మిల్లీమీటరు. నమూనా మీద 0.05 మిల్లీమీటర్ల పూత వేస్తే 1/24 లెక్కన అది అసలు కారుపై 1.2 మిల్లీమీటర్ల పూతకు సమానం. గుర్తులు, గాడులు, అంచులు మొద్దుబారి బొమ్మ కారు అనిపించడానికి మూలం ఇక్కడే ఉంది. పలుచని పూతలు రెండు మూడు వేసినా నష్టం లేదు. మందపు పూత ఒక్కటి చాలు, పని చెడడానికి.

కుంచెతో

డబ్బా అడుగున పేరుకున్న రంగుముద్దను చదును పుల్లతో పైకి తెస్తూ రెండు మూడు నిమిషాలు కలపాలి. రంగును డబ్బాలోంచి నేరుగా కారు మీదికి తీసుకోకుండా పింగాణీ గిన్నెలోకి కొంచెం పోసుకుని, అదే సంస్థ థిన్నర్ (రంగును పలుచచేసే ద్రావకం) చుక్కలు కలపాలి. బాడీకి అంగుళంలో నాలుగో వంతు వెడల్పున్న మెత్తటి చదును కుంచె, వివరాలకు సన్న మొన కుంచె అవసరం.

కుంచెను మూడో వంతుకు మించి ముంచకూడదు. పైకప్పు, బానెట్, తలుపు ఇలా ఒక్కో పలకను విడిగా తీసుకుని ఒక అంచు నుంచి మొదలుపెట్టి రెండో అంచు వరకు ఆపకుండా వేయాలి. ముందు వేసిన గీత తడిగా ఉండగానే దాని పక్క గీత కలవాలి. ఆరడం మొదలైన చోటికి కుంచె మళ్లీ వెళితే చారలు శాశ్వతంగా మిగులుతాయి. మొదటి పూత అడుగు కనిపించేలా ఉన్నా కంగారు పడనక్కర్లేదు. పూర్తిగా గట్టిపడ్డాక రెండో పూతను మొదటిదానికి అడ్డదిశలో వేస్తే రంగు నిండుతుంది. పని ముగిశాక కారును పెట్టెతో మూసి ఉంచితే దుమ్ము పడదు.

తెలుగు నేల వాతావరణానికి చిన్న సర్దుబాటు కావాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ద్రావకం త్వరగా ఆవిరై కుంచె ఈడ్చుకుపోతుంది. తెల్లవారుజామున పని చేసుకోవడం మంచిది. వానాకాలంలో పూతకు పూతకు మధ్య గడువు పెంచాలి.

ఎయిర్‌బ్రష్‌తో

ఎయిర్‌బ్రష్ రంగును సన్నటి తుంపరగా చల్లుతుంది. కొత్తవారికి 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి అనువుగా ఉంటాయి. రంగును పాలంత పలుచగా కలుపుకోవాలి. ఒక్కో సంస్థ రంగు చిక్కదనం వేరు కాబట్టి సగానికి సగం థిన్నర్‌తో మొదలుపెట్టి, పాత ప్లాస్టిక్ చెంచా మీద చల్లి చూసి సరిచేసుకోవడం నిపుణుల అలవాటు.

తుంపర బాడీ బయట మొదలై బాడీ మీదుగా సాగి బయటే ఆగాలి. బాడీ మీద ఆపితే అక్కడ రంగు చేరి కారుతుంది. ముందు పొడిపొడిగా ఒక పలుచని పూత, తయారీదారు సూచించిన గడువు పాటిస్తూ కాస్త తడిగా మరో రెండు పూతలు వేయాలి. ఎయిర్‌బ్రష్ మరీ దూరంగా ఉంటే రంగు గాలిలోనే ఆరి గరుకుగా పడుతుంది. మరీ దగ్గరగా ఉంటే కారుతుంది. రంగు చిక్కగా ఉంటే ఆరెంజ్ పీల్ అనే సన్నటి గుంటల లోపం వస్తుంది.

రెండు రంగుల కారు

ఒకప్పటి ముంబై పద్మిని కారు టాక్సీ రెండు రంగుల పనికి మంచి పాఠం. దాని బాడీ నలుపు, పైకప్పు పసుపు. లేత రంగును ముందు, ముదురు రంగును తరువాత వేయాలి. పసుపు పైకప్పు కొన్ని రోజులు గట్టిపడ్డాక మాస్కింగ్ టేపుతో కప్పి, టేపు అంచును గోటితో గట్టిగా నొక్కాలి. నలుపు వేసే ముందు అంచు మీద మళ్లీ పలుచగా పసుపే చల్లితే, సందుల్లోకి దిగేది పసుపే కాబట్టి గీత చెక్కినట్టు వస్తుంది. నలుపు వేశాక టేపును నిలువుగా లాగకుండా, దాని మీదికే మడిచి నెమ్మదిగా తీయాలి.

వివరాలు, మెరుగు

టైరుకు మెరిసే నలుపు నప్పదు. మెరుపు లేని నలుపులో కొంచెం బూడిద కలిపితే రబ్బరులా ఉంటుంది. కిటికీల చుట్టూ ఉండే క్రోమియం పట్టీలకు సన్న కుంచెతో వెండి రంగు వేయవచ్చు. అంతకంటే అసలైన మెరుపు పలుచటి అతుకు రేకుతో వస్తుంది. తలుపుల గాడుల్లో బాగా పలుచబరిచిన ముదురు ఎనామిల్‌ను కుంచె మొనతో తాకిస్తే అది గాడి వెంట దానంతటదే పాకుతుంది. చుట్టూ అంటినదాన్ని థిన్నర్‌తో తుడిచేయాలి. అడుగు పూత అక్రిలిక్ లేదా లక్కర్ అయినప్పుడే ఈ తుడుపు నిశ్చింతగా చేయవచ్చు. ఎనామిల్ మీద ఎనామిల్ అయితే థిన్నర్ అడుగు రంగును కూడా కరిగిస్తుంది.

ఏ రంగు మీద ఏది వేయవచ్చన్నది గుర్తుంచుకోవలసిన నియమం. పూర్తిగా ఆరిన లక్కర్, అక్రిలిక్‌ల మీద ఎనామిల్ వేయవచ్చు. ఎనామిల్ మీద లక్కర్ వేస్తే దాని ఘాటైన ద్రావకం అడుగు పూతను ముడతలు పెట్టిస్తుంది. పారదర్శక ఎనామిల్ పూత కాలక్రమంలో పసుపుబారుతుంది కాబట్టి తెల్ల కారుకు దాన్ని వాడకపోవడం మంచిది.

కనీసం ఒకటి రెండు వారాలు గట్టిపడిన పూతను 2000 నంబరు, ఆపై సన్న కాగితాలతో నీళ్లలో తడిపి తేలికగా రుద్ది, పాలిషింగ్ పేస్టుతో మెరుగుపెడితే షోరూం నిగనిగ వస్తుంది. బాడీ అంచుల దగ్గర పూత అతి పలుచగా ఉంటుంది. అక్కడ రుద్దితే ప్లాస్టిక్ బయటపడుతుంది.

జాగ్రత్తలు

ఎనామిల్ థిన్నర్ పెట్రోలియం ద్రావకం. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా పని చేయాలి. చల్లేటప్పుడు ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కు తప్పనిసరి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. మన దగ్గర చాలామంది హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే ఇంటి ఎనామిల్‌తో మొదలుపెడతారు.  తలుపులకు, గ్రిల్స్‌కు చేసిన ఈ రంగు చిక్కగా ఉంటుంది కాబట్టి వడగట్టి, ఎక్కువ పలుచచేసి వాడాలి. గృహ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన భారతదేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందటి పాత డబ్బాలను పిల్లల చేతికివ్వకూడదు.

ఈ విద్య విలువ

కారు రంగును సరిగ్గా వేయాలంటే ఆ కారు చరిత్ర తెలియాలి. ఒకప్పటి పందేల్లో బ్రిటిష్ కార్లకు ఆకుపచ్చ, ఇటలీ కార్లకు ఎరుపు, ఫ్రాన్స్ కార్లకు నీలం గుర్తులు. 1968లో లోటస్ జట్టు సిగరెట్ సంస్థ రంగులు వేసుకున్నాక ఫార్ములా వన్‌లో ఆ సంప్రదాయం కరిగిపోయింది. కోల్‌కతా పసుపు అంబాసిడర్‌ను నమూనాగా చేసే వ్యక్తి 2014లో ఉత్పత్తి ఆగిపోయిన కారు రూపాన్ని భద్రపరుస్తున్నట్టే. లక్కర్, అక్రిలిక్ రంగులు త్వరగా ఆరి పని సులువు చేసిన ఈ రోజుల్లో కూడా కుంచెతో నునుపైన మెరుపు కావాలంటే ఎనామిల్‌కు సాటి తక్కువ.

నేర్చుకోవాలనుకునేవారు మెటాలిక్ రంగులు, రెండు రంగుల కార్లు పక్కన పెట్టి, ముదురు నీలమో ఆకుపచ్చో ఒకే రంగు కారుతో మొదలుపెట్టాలి. మంచి కుంచె ఒకటి, రంగు డబ్బా ఒకటి, థిన్నర్ సీసా ఒకటి, సాధనకు కొన్ని ప్లాస్టిక్ చెంచాలు చాలు. ఎయిర్‌బ్రష్ ఖర్చు తరువాత చూసుకోవచ్చు. పూతకు పూతకు మధ్య ఆగడం అలవాటైతే మిగతా మెళకువలు సాధనలో వస్తాయి.