పట్టు మట్టిదే

పొలాల మీదుగా పోయే 765 కేవీ కరెంటు లైన్ చూసి అందరూ టవర్ ఎత్తు గురించే మాట్లాడతారు. పునాదుల పనిలో బతికినవాణ్ణి కదా, నా చూపు ముందు కాళ్ల దగ్గరికి పోతుంది. పైకి కనిపించేవి నాలుగు కాంక్రీటు దిమ్మెలే. అసలు పనంతా కిందుంది.

ఇంటి పునాది బరువు మోస్తే చాలు. టవర్‌కు అలా కుదరదు. గాలి ఓ పక్కనుంచి తోస్తే అవతలి రెండు కాళ్లు నేలలోకి దిగబడజూస్తాయి, గాలివైపు రెండూ పైకి లేవజూస్తాయి. గిత్త గుంజుకునే గుంజలా పునాది పట్టుకుని ఉండాలి. అందుకే అడుగున వెడల్పాటి పలక, దానిమీద మేము చిమ్నీ అనే స్తంభం. పలకమీద పూడ్చిన మట్టి బరువే టవర్‌ను లేవనీయదు.

ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సింది స్టబ్ నిలిపేటప్పుడు. టవర్ కాలికి మొదటి ఇనుప ముక్క అది. కాంక్రీటులో బిగిశాక ఇక కదలదు. నాలుగు స్టబ్‌లనూ టెంప్లేటు అనే చట్రానికి బిగించి వాలు, మట్టం, మూలకొలతలు సరిచూశాకే పోత. ఇక్కడ కాస్త తేడా వచ్చినా పైన బోల్టు రంధ్రాలు కలవవు. కాంక్రీటును కుదించే వైబ్రేటర్ స్టబ్‌కు తగిలితే మేస్త్రీ అరుపు పక్క చేలోకి వినపడాలి. అది వినపడని సైటును నేను నమ్మను.

కాంక్రీటుకైతే క్యూబులు పోసి 28వ రోజున నలగ్గొట్టి చూస్తారు. పూడ్చే మట్టికి ఆ మర్యాద లేదు. పొరపొరగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాల్సింది పోయి, పొద్దుగూకేలోగా జేసీబీతో తోసేయాలన్న తొందర. ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బే నల్లరేగడిలో ఈ తొందర మరీ చేటు. అక్కడ బయటి నుంచి మంచి మట్టి తెచ్చి పూడ్చాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు టవర్లు కూలి విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటి గాలికి తరచూ ముందు వంగేది పైనున్న ఇనుమే. కింద పునాది గట్టిగా మిగిలితే, ఆ చోటే మళ్లీ టవర్ నిలబెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఇటుక బట్టీలకనీ, ఇళ్ల స్థలాల మెరకకనీ టవర్ కాళ్ల పక్కనే మట్టి తవ్వుకుపోతున్నారు. పోయేది టవర్‌ను పట్టి ఉంచే ఆ మట్టి పట్టే. మీ ఊళ్లో ఎవరైనా అలా తవ్వుతుంటే ఆపించండి, దగ్గర్లోని సబ్‌స్టేషన్‌కు కబురు పెట్టండి.