మాచర్ల లైను కీమన్

1930ల తొలినాళ్లలో గుంటూరు నుంచి వచ్చిన మీటర్ గేజ్ లైను మాచర్లలో ఆగింది. దాన్ని నిలబెట్టింది కీమన్లు, అంటే రోజూ పట్టాల వెంట నడిచి తనిఖీ చేసే రైల్వే కార్మికులు. పొద్దున్నే సుత్తి, స్పానర్, ఎర్రజెండా, పచ్చజెండాలతో నడక. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండోది. పట్టా బిగింపులను సుత్తితో తడితే మోతను బట్టే బిగువు తెలిసిపోతుంది. పల్నాటి ఎండకు పట్టాలు సాగుతాయి, చలి తెల్లవారుజాముల్లో కుంచించుకుని ఒక్కోసారి పగులుతాయి. నన్నడిగితే, డ్రైవర్‌కన్నా ముందు కీమన్‌కే దండం పెట్టాలి.

హైదరాబాదు వైపు బీబీనగర్ నుంచి ఈ దారిలోని నడికుడికి లైను పడ్డాక హైదరాబాదు బండ్లు మాచర్ల దాకా రాకుండా నడికుడి దగ్గరే కృష్ణా నది వైపు మళ్లాయి. 1990ల మొదట్లో బ్రాడ్ గేజ్ వేసినా మాచర్ల కొమ్మ లైనుగానే మిగిలింది; జనం బస్సెక్కారు. కీమన్ నడక మాత్రం తగ్గలేదు. బండ్లు ఎన్ని తగ్గినా, తన హద్దులోని పట్టాలన్నీ రోజూ చూడాల్సిందే.