విపత్తుకు పేరు పెట్టేది ఎవరు?

ఇంగ్లీషు పరీక్షల గైడుల్లో ఒక వరుస తరచుగా కనిపిస్తుంది: డిజాస్టర్, కలామిటీ, కెటాస్ట్రఫీ, కెటాక్లిజం, అప్‌హీవల్. అన్నిటికీ ఎదురుగా దాదాపు ఒకే తెలుగు మాట ఉంటుంది, విపత్తు అని. మన పిల్లలు బట్టీ పట్టి రాస్తారు, మార్కులూ వస్తాయి. కానీ ఈ మాటలన్నీ ఒకటి కావు. జరిగినదానికి కారణం ఏమిటో ఒక్కో మాట ఒక్కో రకంగా చెబుతుంది. కొన్ని ఆ కారణాన్నే దాచేస్తాయి. కొండల్లో బతికే మనకు ఈ తేడా మార్కుల కంటే పెద్ద విషయం.

ముందు వీటి పుట్టుక చూద్దాం. డిజాస్టర్‌లో ఉన్నది చుక్క. చెడు నక్షత్రం అనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచి అది వచ్చింది. అంటే తప్పు ఆకాశానిది. కెటాక్లిజం గ్రీకు మాట, అన్నిటినీ కడిగేసే వరద అని. అక్కడ తప్పు నీటిది. కెటాస్ట్రఫీ కూడా గ్రీకు నుంచి వచ్చిందే. తలకిందులు కావడం దాని అర్థం, నాటకంలో చివరి మలుపుకు ఆ పేరు వాడేవారు. అప్‌హీవల్ అంటే కింద ఉన్నది పైకి లేవడం. భూమి పొరలు లేచినా, సమాజం అల్లకల్లోలమైనా అదే మాట. మన తెలుగు మాటలు కూడా తక్కువేం కాదు. ఉత్పాతం అంటే మొదట అపశకునమే.

ఈ మాటలు సరిగ్గా సరిపోయే రోజులూ ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. మన్యంలో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు కాఫీ మొక్కల మీద కూలాయి. ఏళ్ల తరబడి పెంచిన తోట ఒక్క పూటలో పోయింది. ఆ గాలిని ఎవరూ సంతకం పెట్టి పంపలేదు. దాన్ని డిజాస్టర్ అంటే అభ్యంతరం లేదు.

నీటి సంగతి వేరు. సీలేరు మీద డొంకరాయి దగ్గర ఆనకట్ట ఉంది. అక్కడ 25 మెగావాట్ల విద్యుత్తు తయారవుతుంది. అదే నీరు కాలువ గుండా వెళ్లి దిగువన పొల్లూరు దగ్గర 460 మెగావాట్ల కేంద్రాన్ని నడుపుతుంది. ఎగువన మాచ్‌ఖండ్ 1955 నుంచి పనిచేస్తోంది. దాని కోసం కట్టిన జోలాపుట్ జలాశయం కింద ఎన్నో ఊళ్లు, పొలాలు మునిగాయి. అలా మునగడాన్ని ప్రభుత్వ కాగితాల్లో వెతికితే గైడులోని ఐదు మాటల్లో ఒక్కటీ తగలదు. ప్రాజెక్టు, రిజర్వాయరు, పునరావాసం అని ఉంటుంది. ఇది హఠాత్తుగా వచ్చింది కాదు. సర్వే చేసి, రాళ్లు పాతి, టెండరు పిలిచి తెచ్చిన నీరు.

ఈ సీలేరే దిగి శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. పోలవరం కారణంగా 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రలో కలిపిన ఆ ప్రాంతాన్ని పత్రికలు 'ముంపు మండలాలు' అంటాయి. పూర్తిగా మునగకముందే మునిగిపోవడం ఆ ఊళ్లకు ఇంటిపేరయింది. ఎవరు ముంచుతున్నారో ఆ పేరులో లేదు.

చట్టం ఈ విషయంలో మన గైడు కంటే నయం. 2005 విపత్తు నిర్వహణ చట్టం ఇచ్చిన నిర్వచనంలో ప్రకృతి వల్ల జరిగినవే కాదు, మనిషి వల్ల, ప్రమాదం వల్ల, నిర్లక్ష్యం వల్ల జరిగినవీ ఉన్నాయి. ఉపాధ్యాయులు తరగతిలో ఈ నిర్వచనాన్ని చదివించాలి.

ఇక తిరుగుబాటుకు పెట్టిన పేర్లు చూడండి. 1879లో రంప లేచింది. కల్లు మీద పన్ను, ముఠాదారుల మీద మన్సబ్‌దారు దోపిడీ అందుకు కారణాలు. తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుపడింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది. దొరల రికార్డులు వీటిని 'ఫితూరీ' అన్నాయి. అల్లరి, గొడవ అనే అర్థమున్న హిందుస్తానీ మాట అది. పోరాటం చేసినవాళ్లకు ఒక కారణం ఉంటుంది. అల్లరి చేసినవాళ్లకు కారణం ఎవరూ అడగరు. ఇవాళ తెలుగులో ఆ మాట ఇంకా దిగజారింది, పితూరీలు చెప్పడం అంటే చాడీలు చెప్పడం. తాతల తిరుగుబాటును చాడీగా మార్చిన మాటను మనమే ఇంట్లో వాడుతున్నాం. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ వీటిని 'రైజింగ్స్' అన్నారు, లేవడం అని. మాకు అది దగ్గరగా అనిపిస్తుంది. అప్‌హీవల్‌లో ఉన్నది కూడా లేవడమే, కానీ అందులో లేచిన మనిషి కనిపించడు.

ఇంగ్లీషు మాటలు వద్దని మేము అనడం లేదు. అర్జీ రాయాలన్నా, కోర్టుకెళ్లాలన్నా, ఉద్యోగం కావాలన్నా అవి కావాలి. వాటిని వరుసగా కాక విడివిడిగా నేర్పాలని మాత్రమే అడుగుతున్నాం. ఒక మాట రాసే ముందు యువత మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది నిజంగా హఠాత్తుగా జరిగిందా, ముందే తెలిసి జరిగిందా? దీని వెనుక మనిషి నిర్ణయం ఉందా? ఈ పేరు పెట్టింది నష్టపోయినవాళ్లా, వేరేవాళ్లా? ఆ తర్వాత డిజాస్టర్ అని రాసినా సరే, 'మమ్మల్ని ముంచారు' అని రాసినా సరే. రెండో వాక్యంలో మాత్రం ముంచినవాళ్లు ఎవరని అడగడానికి చోటు ఉంటుంది.