ట్యాంకు వయసెంత?

డాలస్ చుట్టుపక్కల గ్యాస్ స్టేషన్ కొందామనుకునే మనవాళ్ళు మొదట అడిగేది నెలకు ఎన్ని గ్యాలన్లు పోతాయని. ఆ తర్వాత స్టోర్ సేల్స్ ఎంత, అందులో బీరు ఎంత, లాటరీ కమీషన్ ఎంత, వెనక చిన్న కిచెన్ పెట్టుకుని సమోసాలు అమ్ముకోవచ్చా అని. నలుగురు స్నేహితులు తలా కొంత వేసుకుని, మిగతాదానికి లోను తీసుకుని దిగే వ్యాపారం కాబట్టి లెక్కలు గట్టిగానే వేస్తారు. వాళ్ళ ఎక్సెల్ షీట్లు చూస్తే ముచ్చటేస్తుంది. ట్యాంకు వయసుకు మాత్రం అందులో గడి ఉండదు.

ఆ గడి నింపడమే నా ఉద్యోగం. పర్యావరణ తనిఖీ అని పేరు. బ్యాంకువాళ్ళ నోట ‘ఫేజ్ వన్’.

ట్యాంకు సంగతి ఎందుకు తట్టదో నాకు అర్థమవుతుంది. మన ఊళ్ళో బంకు నడిపే డీలరు పొద్దున్నే డిప్ వేస్తాడు, పేస్టు రాసి అడుగున నీళ్ళున్నాయేమో చూస్తాడు, డెన్సిటీ రిజిస్టర్లో రాస్తాడు. కానీ చాలాచోట్ల ట్యాంకులూ పంపులూ ఆయిల్ కంపెనీవే. ఇక్కడ బోర్డు మీద ఎంత పెద్ద కంపెనీ పేరున్నా, చాలా స్టేషన్లలో భూమిలో ఉన్న ట్యాంకు ఆ చిన్న ఓనరుది. స్థలంతోపాటు అదీ చేతులు మారితే 30 రోజుల్లోగా కొత్త ఓనరు ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇక అది కారితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

“అన్నా, ఒక్క తట్ట మట్టి కూడా తవ్వలేదు, ఇంత బిల్లేంటి?” అని ఒక తమ్ముడు నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. ఫేజ్ వన్‌లో తవ్వకం ఉండదు. ఏఎస్‌టీఎం ఈ1527-21 అనే ప్రమాణం ప్రకారం చేయాల్సింది నాలుగు రకాల పని: పాత రికార్డులు వెతకడం, స్థలం చూడటం, తెలిసినవాళ్ళను అడగడం, అదంతా రాసిపెట్టడం. చెప్పినంత తేలిక కాదు. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం శాన్‌బోర్న్ సంస్థ 19వ శతాబ్దం నుంచి ఊరూరికీ గీసిన మ్యాపులు ఇప్పుడు మాకు పంచాంగాలు. ఈరోజు డోనట్ల కొట్టు ఉన్న మూలన 1940లలో గ్యాసోలిన్ ట్యాంకు ఉండేదని అందులో చిన్న వృత్తం కనిపిస్తుంది. విమానం నుంచి తీసిన పాత ఫొటోలు, పాత వీధి డైరెక్టరీలు, ఫైర్ డిపార్ట్‌మెంట్ ఫైళ్ళు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే స్థలం తన కథ తానే చెబుతుంది.

పాత స్టేషన్లలో పెట్రోలు కన్నా నేను ఎక్కువ భయపడేది పక్కనున్న గ్యారేజీకి. ఇప్పుడు అందులో చిప్సూ కూల్‌డ్రింకులూ ఉంటాయి. ఒకప్పుడు కార్లు ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టులు ఉండేవి, వాడేసిన ఇంజను ఆయిల్ పోయడానికి నేలలో వేరే ట్యాంకు ఉండేది, సాల్వెంట్లతో విడిభాగాలు కడిగిన నీళ్ళు ఫ్లోర్ డ్రెయిన్లోకి పోయేవి. టైల్స్ వేసేశాక వీటిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఇది వేరే చిక్కు కూడా. కలుషితమైన స్థలాలను శుభ్రం చేసే బాధ్యత మోపే 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం పెట్రోలియాన్ని మినహాయించింది, సాల్వెంట్లను కాదు. ఫేజ్ వన్ ముందే చేయించుకున్న కొనుగోలుదారుకు ఆ చట్టం కింద కొంత రక్షణ ఉంటుంది. దాన్ని పట్టుకుని, ‘రిపోర్టు ఉంది కాబట్టి ట్యాంకు లీకైనా మనకేం కాదు’ అనుకునేవాళ్ళే ఎక్కువ. ట్యాంకుల చట్టం వేరు. అది ఓనరును వదలదు.

ఆ చట్టం వెనక ఒక టీవీ కార్యక్రమం ఉంది. తాగునీటి బావుల్లోకి పెట్రోలు చేరుతున్న సంగతిని 1983 చివర్లో సీబీఎస్ ‘60 మినిట్స్’ చూపించింది, 1984లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, 1988లో నిబంధనలు వచ్చాయి. పాత ఉక్కు ట్యాంకులకు తుప్పు రక్షణ ఏర్పాటు చేయడానికో, మూసేయడానికో 1998 డిసెంబర్ 22 దాకా గడువిచ్చారు. ఆ తేదీ నాకు కంఠతా వచ్చు. టెక్సాస్‌లో అదే రోజు తర్వాత బయటపెట్టిన లీకులకు రాష్ట్ర నిధి నుంచి పైసా రాదు. అంతా ఓనరూ, ఆయన తీసుకున్న పాలసీ చూసుకోవాలి. అందుకే బీమా ఉందా అని కాదు, పాలసీ ఏ తేదీ నుంచి జరిగిన లీకులకు వర్తిస్తుందో చూడండని చెబుతాను.

స్థలానికి వెళ్ళాక స్టోర్లోకి ఆఖరున వెళ్తాను. ముందు గోడ వారన నిలబెట్టిన వెంట్ పైపులు లెక్కపెడతాను. రిజిస్ట్రేషన్లో మూడు ట్యాంకులుండి పైపులు నాలుగుంటే ఆ నాలుగోది ఎక్కడికి పోతోంది? తర్వాత కాంక్రీటులో కోసి పూడ్చిన చతురస్రాలు, ఎవరూ పట్టించుకోని మానిటరింగ్ వెల్ మూతలు. ట్యాంకు నింపేటప్పుడు ఒలికినది పట్టే స్పిల్ బకెట్ మూత ఎత్తితే ఓనరు స్వభావం చాలావరకు తెలుస్తుంది. పొడిగా, శుభ్రంగా ఉంటే నెలనెలా చూసుకునే మనిషి. అడుగున పెట్రోలూ వాననీళ్ళూ సిగరెట్ పీకా తేలుతుంటే కాగితాలు కూడా అలాగే ఉంటాయని సిద్ధపడతాను.

లోపల కౌంటర్ వెనక ట్యాంకు మానిటర్ ఉంటుంది. ‘పాస్’ అని అది ఇచ్చే చీటీ చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ నెలవారీ పరీక్ష పట్టుకోవాల్సిన లీకు గంటకు 0.2 గ్యాలన్లు. నెలకు లెక్కేస్తే 144 గ్యాలన్లు, అంటే 540 లీటర్లు దాటి. అంతకన్నా సన్నగా కారేదాన్ని అది పట్టుకోవచ్చు, పట్టుకోకపోనూ వచ్చు. డీజిల్ ట్యాంకుల లోపలి సంగతి మరొకటి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2016లో బయటపెట్టిన అధ్యయనంలో, చూసిన 42 వ్యవస్థల్లో 83 శాతంలో లోహపు భాగాలకు మధ్యస్థంగానో, తీవ్రంగానో తుప్పు పట్టి ఉంది. ఆ ఓనర్లలో ఎక్కువమందికి ఆ విషయమే తెలియదు.

ఇక్కడి నేల గురించి మనవాళ్ళకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. డాలస్ కింద ఉన్నది మన నల్లరేగడి జాతి మట్టే. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు పైపుల కీళ్ళు వదులవుతాయి. పైగా ట్యాంకు గోతిలో గులకరాళ్ళు పోసి పూడుస్తారు, చుట్టూ ఉన్న మట్టిలోకి నీరు ఇంకదు, దాంతో గొయ్యి నిండి నిలుస్తుంది. ఒకందుకు మేలే. కారినది తొందరగా పొరుగువాడి స్థలంలోకి పోదు. ఒకందుకు కీడు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది.

ఇన్ని చూశాక రిపోర్టులో నేను ‘శుభ్రం’ అని రాయను. రాయలేను. అనుమానించడానికి ఆధారం ఉందా, ఉంటే ఎక్కడ, ఎంత గట్టిది అని రాస్తాను. కొనేవాళ్ళకు కావాల్సింది సర్టిఫికెట్, నేనిచ్చేది అనుమానాల జాబితా. ఈ వృత్తిలో ఉన్న తగాదా అంతా అక్కడే. పనిచేస్తున్న పాత స్టేషన్ అయితే బోరు వేసి మట్టీ నీరూ పరీక్షించే ఫేజ్ టూ తప్పనిసరి అని నా అభిప్రాయం. తాగే నీటిలో బెంజీన్‌కు ఫెడరల్ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. కంటికీ ముక్కుకూ అందే సంగతి కాదది.

అమ్మేవాళ్ళు తవ్వకానికి జంకుతారు. తవ్వితే తెలుస్తుంది, తెలిస్తే ప్రభుత్వానికి చెప్పాలి. అయినా అమ్మేవాళ్ళకే అది ఎక్కువ అవసరం అంటాను. అమ్మిన రోజున భూమి ఎలా ఉందో రికార్డు లేకపోతే, పదేళ్ళ తర్వాత కొత్త ఓనరు చేసిన లీకుకు కూడా లాయరు నోటీసు పాత ఓనరు ఇంటికి వస్తుంది.

దీనికంతటికీ కావాల్సింది టైము. ఫేజ్ వన్‌కు కొన్ని వారాలు, అనుమానం వస్తే ఫేజ్ టూకు మరికొన్ని. ఫేజ్ వన్‌లోని ముఖ్యమైన భాగాలకు 180 రోజుల చెల్లుబాటు ఉంటుంది కాబట్టి తొందరపడక్కర్లేదు. తనిఖీ గడువు 60 రోజులకు తక్కువ కాకుండా, బోరు వేసుకునే హక్కుతో సహా అగ్రిమెంట్లో రాయించుకోండని అడిగినవాళ్ళకల్లా చెబుతాను. అయితే చాలామంది నాకు ఫోన్ చేసేసరికి సంతకాలు అయిపోయి ఉంటాయి. రిపోర్టు ఎప్పటికి కావాలమ్మా అంటే, క్లోజింగ్ వచ్చే శుక్రవారమే అన్నా అంటారు.