కంట పడకముందే చెవిన పడాలి

తల్లికో తండ్రికో క్యాన్సర్ అని తేలిన సాయంత్రానికల్లా ఇంట్లో పెద్దలు రెండు సంగతులు ఖాయం చేసేస్తారు. పిల్లలకు చెప్పకూడదు, వాళ్ళను కొన్నాళ్ళు అమ్మమ్మగారింటికి పంపెయ్యాలి. "చిన్నపిల్లలు మేడమ్, వాళ్ళకేం తెలుస్తుంది?" కౌన్సెలింగ్ గదిలో నేను ఎక్కువగా వినే మాట ఇదే. అందులో ఉన్నదంతా ప్రేమే. కానీ పిల్లలకు తెలుస్తుంది. ఫోన్ మోగగానే నాన్న మేడ మీదికి వెళ్ళిపోవడం, పెద్దమ్మ ఊరికే దగ్గరికి తీసుకుని తల నిమరడం, తాము రాగానే మాటలు ఆగిపోవడం వాళ్ళు గమనిస్తూనే ఉంటారు. అసలేం జరుగుతోందో ఎవరూ చెప్పరు కాబట్టి తోచింది ఊహించుకుంటారు.

ఆ ఊహలే నన్ను భయపెడతాయి. అల్లరి మితిమీరినప్పుడు మన ఇళ్ళలో తల్లులు ఏమంటారో గుర్తు చేసుకోండి. "నా ప్రాణాలు తోడేస్తున్నావు", "నన్ను చంపుకు తింటున్నావు", "నీతో వేగలేకే నాకీ రోగాలు". అన్న తల్లి మరుక్షణం మరిచిపోతుంది. నాలుగైదేళ్ళ పిల్లాడు మరిచిపోడు. చుట్టూ జరిగేదానికంతటికీ తానే కారణమనుకునే వయసది. ఆడుకుంటూ అమ్మ ఒళ్ళోకి దూకినప్పుడు తన తల తగిలిన చోటే గడ్డ లేచిందని ఒక పిల్లవాడు లోలోపల కుమిలిపోయాడు, ఎవరికీ చెప్పలేదు. అందుకే పిల్లలు అడగకపోయినా ఈ మాటలు చెప్పమంటాను: "ఇది నీ వల్ల రాలేదు. నువ్వు తగలడం వల్లా రాలేదు, మాట వినకపోవడం వల్లా రాలేదు. ముట్టుకుంటే అంటుకోదు." ఒకసారి చెప్పి ఊరుకోవద్దు. అన్నం కలిపి పెడుతూ, జడ వేస్తూ మళ్ళీ మళ్ళీ చెప్పాలి.

ఎప్పుడు చెప్పాలని అడుగుతారు. పిల్లల కంట పడబోయేది అంతకు ముందే చెవిన పడాలి, నేను పాటించే లెక్క ఇదొక్కటే. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే దాదాపు పదేళ్ళు ముందుగా కనిపిస్తోంది, అంటే చాలామంది తల్లులకు పిల్లలింకా బడి వయసులోనే ఉంటారు. ఈ జబ్బుకు వాడే కీమో మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే పిల్ల దాన్ని చూసి రక్తమనుకుంటుంది. రెండు మూడు వారాలకు జుట్టు రాలడం మొదలవుతుంది. చాలా ఇళ్ళలో గుండు చేయించి, తిరుపతి మొక్కు అని చెప్పేస్తారు. తిరుపతి అంటే ఏమిటో మన పిల్లలకు తెలియదా? రైలెక్కలేదు, లడ్డూ రాలేదు, అమ్మకు మాత్రం గుండు! ఒక అబద్ధం బయటపడిందంటే ఆ తర్వాత చెప్పే నిజాన్ని కూడా పిల్లలు నమ్మరు. "మందు చాలా గట్టిది, జబ్బుతో పాటు జుట్టు కుదుళ్ళనీ దెబ్బ కొడుతుంది, మందు అయిపోయాక జుట్టు మళ్ళీ వస్తుంది" అంటే ఆరేళ్ళ పిల్లకు చక్కగా అర్థమవుతుంది.

కీమో అయిన వారం పది రోజులకు తెల్లకణాలు బాగా తగ్గుతాయి, జలుబు చేసిన పిల్లాణ్ణి కాస్త దూరంగా ఉంచక తప్పదు. "నీ జలుబుతో అమ్మకు ప్రమాదం" అనకండి, ఆ బరువు వాడు మొయ్యలేడు. "జలుబు తగ్గగానే మళ్ళీ నా పక్కనే పడుకుందువుగాని" అనండి. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని వచ్చిన తల్లి ఒళ్ళో పిల్లలు నిశ్చింతగా కూర్చోవచ్చు, బయటి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు. థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ ఇచ్చినప్పుడు మాత్రం డాక్టర్ చెప్పినన్ని రోజులు దూరం పాటించాలి.

జిల్లాల నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రి వంటి చోట్లకు వచ్చే తల్లులు రేడియేషన్ కోసం వారాల తరబడి పిల్లల్ని ఊళ్ళో వదిలి ఉండాల్సి వస్తుంది. రోజూ ఒకే వేళకు వీడియో కాల్ చేసి పడుకునే మంచం, తింటున్న కంచం చూపించండి. కనపడని చోటును పిల్లలు ఎంత భయంకరంగా ఊహించుకుంటారో వాళ్ళు వేసే బొమ్మల్లో చూశాను.

పదో తరగతి పిల్లలకు పరీక్షలయ్యాక చెబుదామనుకుంటారు. వాళ్ళు మందు చీటీలో పేరు చూసి ఫోన్‌లో వెతికేసి ఉంటారు, అక్కడ దొరికిన పాత భయాలన్నీ చదివేసి ఉంటారు. పదమూడేళ్ళ పిల్లను పట్టుకుని "ఇక ఈ ఇంటికి నువ్వే అమ్మవి" అనే చుట్టాల మీద నాకు చాలా కోపం. ఆ పిల్ల అన్నం వండితే వండనివ్వండి, సాయంత్రం మాత్రం ఆటకు పంపండి.

ఎప్పుడో ఒకప్పుడు పిల్లలు అడుగుతారు: "అమ్మ చచ్చిపోతుందా?" అపశకునమని నోరు మూయించొద్దు. చావదని ఒట్టూ వెయ్యొద్దు. "డాక్టర్లు మంచి మందులిస్తున్నారు, తగ్గాలనే అందరం చూస్తున్నాం. ఏమన్నా మారితే నేనే నీకు చెబుతాను" అనండి. అలా మాటిచ్చాక, స్కాన్ రిపోర్టు బాగా రాని రోజున కూడా ఆ సంగతి మీ నోటితోనే చెప్పండి, ఇంటికి చుట్టాలు రావడం మొదలవకముందే.